కప్పు వచ్చింది... క్లబ్బు పోయింది!

సిద్దిపేట: అర్జెంటీనాలో రాత్రి తొమ్మిదిన్నరకు ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైతే మన సిద్దిపేటలో అప్పుడు తెల్లవారి ఆరు గంటలు. ఇక్కడ వాకిట్లో సాన్పి చల్లే వేళకు అక్కడి స్టేడియంలో వేల గొంతులు ఒక్కటై పాడుతుంటాయి. ఈ మధ్య ఆ మ్యాచులను సెల్‌ఫోన్లలో చూసే కుర్రవాళ్లు మన దగ్గరా తయారయ్యారు. కొత్తగా చూసేవారికి వచ్చే సందేహం దాదాపు ఒకటే. ఓడిన జట్టు ఎగిరి గంతులు వేస్తుంది, గెలిచిన జట్టు తలలు వంచుకుని పోతుంది. ఇదేం ఆట?

జవాబు వెతుక్కుంటూ పోతే అది దక్షిణ అమెరికా దగ్గర ఆగదు. హైదరాబాదు మీదుగా మన పాఠశాలల మైదానాల దాకా వస్తుంది.

రాకపోకల లెక్క

దక్షిణ అమెరికా క్లబ్బులకు అన్నిటికన్నా పెద్ద పోటీ కోపా లిబర్టడోరెస్. పరాయి ఏలుబడి నుంచి ఆ ఖండాన్ని విడిపించిన నాయకుల గౌరవార్థం పెట్టిన పేరు అది. పోటీ 1960లో మొదలైంది. ఏడు జట్లతో జరిగిన ఆ మొదటి ఏడు కప్పును ఉరుగ్వేకు చెందిన పెన్యరోల్ క్లబ్బు కైవసం చేసుకుంది. తర్వాతి కాలంలో పోటీ పెరిగి 32 జట్లు ఎనిమిది గ్రూపులుగా ఆడే పద్ధతి వచ్చింది. ఒక్కో గ్రూపు నుంచి ఇద్దరేసి చొప్పున 16 జట్లు నాకౌట్ దశకు చేరతాయి. అంతవరకు ఇవాళ పోగొట్టుకున్నది రేపు సర్దుకోవచ్చు. నాకౌట్‌లో అడుగు పెట్టాక చావో రేవో.

కాకపోతే ఆ చావోరేవో ఒక్క మ్యాచ్‌లో తేలదు. వియ్యాలవారి రాకపోకల లాగా ఒకసారి వీళ్ల ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో రెండు మ్యాచులు ఆడతారు. రెండింటి గోల్స్ కలిపి లెక్క చూస్తారు. సొంత ఊళ్లో 2-0తో గెలిచిన జట్టు, అవతలి ఊళ్లో 0-1తో ఓడినా, మొత్తం మీద 2-1తో ముందుకు పోతుంది. ఓడినవారు గంతులు వేయడానికి కారణం ఇదే. లెక్క సమానమైతే అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలకు వెళతారు. అదనపు సమయం ఫైనల్‌కు మాత్రమే ఉంది. పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ వేసిన జట్టును గెలిచినట్టు చూసే నిబంధన కూడా కొన్నాళ్లు నడిచింది. దానిని 2022 నుంచి తీసివేశారు. ఫైనల్‌ను 2019 నుంచి ఒకే మ్యాచ్‌గా, ముందే ఎంచిన నగరంలో జరుపుతున్నారు.

ఆ రాకపోకలు అన్నివేళలా సజావుగా సాగవు. 2018 ఫైనల్లో బ్యూనస్ ఐరెస్ నగరానికే చెందిన రివర్ ప్లేట్, బోకా జూనియర్స్ తలపడ్డాయి. రెండో మ్యాచ్‌కు వస్తున్న బోకా ఆటగాళ్ల బస్సుపై రివర్ అభిమానులు దాడి చేశారు. చివరకు ఆ మ్యాచ్‌ను సముద్రం దాటించి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఆడించారు. స్పెయిన్ పెత్తనం వదిలించిన వీరుల పేరిట ఉన్న కప్పును స్పెయిన్‌లోనే అందుకోవలసి రావడం విశేషం!

చిన్న ఊరు, పెద్ద వేట

ఈక్వడార్ రాజధాని కీటో నగరం పక్కన లోయలో సంగోల్కి అనే పట్నం ఉంది. అక్కడి క్లబ్బు ఇండిపెండియెంటె డెల్ వయే. వయే అంటే లోయ. 2010లో గానీ ఆ దేశపు మొదటి శ్రేణి లీగులోకి రాని జట్టు అది. 2016 లిబర్టడోరెస్ నాకౌట్ తొలి దశలో వారికి ఎదురుపడిన జట్టు రివర్ ప్లేట్. అంతకు ముందటేడు కప్పు గెలిచిన జట్టు. ఏనుగు ముందు ఎలుక అనుకున్నారంతా.

కీటోలో జరిగిన మొదటి మ్యాచ్‌లో డెల్ వయే 2-0తో గెలిచింది. బ్యూనస్ ఐరెస్‌లో రెండో మ్యాచ్‌లో రివర్ వాళ్లు గోలు మీదికి దండయాత్ర చేసినంత పని చేశారు. గోలీ లిబ్రాడో అస్కోనా ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన బంతులను ఆపుతూనే పోయాడు. ఒక్క గోలు మాత్రం పడింది. మొత్తం లెక్క 2-1. చాంపియన్ ఇంటికి, లోయ జట్టు తర్వాతి దశకు!

అంతటితో ఆగలేదు. క్వార్టర్ ఫైనల్లో మెక్సికో జట్టు పూమాస్‌ను పెనాల్టీలలో గెలిచారు. సెమీఫైనల్లో బోకా జూనియర్స్‌ను కీటోలో 2-1తో, వారి సొంత మైదానంలో 3-2తో ఓడించారు. ఫైనల్లో కొలంబియా క్లబ్బు అట్లెటికో నసియొనాల్ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడారు. అదే సమయంలో, ఏప్రిల్ 16న, ఈక్వడార్ తీరాన్ని పెద్ద భూకంపం అతలాకుతలం చేసింది. 650 మందికి పైగా చనిపోయారు. నాకౌట్ మ్యాచుల్లో సొంతగడ్డ మీద వచ్చిన టికెట్ల రాబడిని ఆ క్లబ్బు బాధితులకు ఇచ్చింది. ఆటను ఎంత గొప్పగా చెప్పినా, ఈ విలేఖరి దృష్టిలో ఆ ఏటి పోటీలో చెప్పుకోదగ్గ గెలుపు అదే.

ఆ క్లబ్బు తర్వాత కూడా నిలిచింది. ఖండంలో రెండో పెద్ద పోటీ అయిన కోపా సుడమెరికానాను 2019లో, 2022లో గెలిచింది. కారణం పిల్లలు. చిన్న వయసులోనే వారిని చేరదీసి, ఉండడానికి చోటు, చదువు, ఆట మూడూ ఒక్కచోట పెట్టారు. అక్కడ పెరిగినవాడే మొయ్‌సెస్ కైసెడో. 2023లో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ అతనిని 10 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి కొన్నది. పియెరో ఇన్‌కాపియె, విలియన్ పాచో కూడా ఆ పంచనే పెరిగారు.

మనకూ ఒక రాత్రి వచ్చింది

ఇదంతా ఎక్కడి ముచ్చటో అనుకోనక్కరలేదు. ఇలాంటి నాకౌట్‌నే హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో దాటింది. 2019లో పుట్టిన ఈ క్లబ్బుకు సొంత మైదానం గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. అయితే కరోనా మూలంగా 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. సొంత మ్యాచ్ అన్నది కాగితం మీది మాట. మన జట్టు కప్పు దిశగా వేసిన ఒక్క అడుగునూ మన నేల మీద చూసే భాగ్యం మనకు కలగలేదు.

సెమీఫైనల్లో ప్రత్యర్థి కలకత్తాకు చెందిన ఎ.టి.కె. మోహన్ బగాన్. మార్చి 12న మొదటి మ్యాచ్‌లో రాయ్ కృష్ణ ముందుగా గోలు వేసి బగాన్‌కు ఆధిక్యం ఇచ్చాడు. విరామానికి కాస్త ముందు నైజీరియా ఆటగాడు ఒగ్బెచే లెక్క సరిచేశాడు. తర్వాత మొహమ్మద్ యాసిర్, హావియర్ సివెరియో చెరొకటి వేశారు. 3-1. మార్చి 16న రెండో మ్యాచ్‌లో రాయ్ కృష్ణే మళ్లీ ఒకటి వేశాడు. హైదరాబాద్ 0-1తో ఓడింది, మొత్తం 3-2తో ఫైనల్‌కు చేరింది. ఓడి గంతులు వేసిన జట్టు మనదే అన్నమాట!

మార్చి 20న ఫతోర్దా స్టేడియంలో ఫైనల్. ఎదుట కేరళ బ్లాస్టర్స్. ఆ ఏడాది ప్రేక్షకులను అనుమతించింది ఈ మ్యాచ్‌కే. గ్యాలరీల్లో ఎటు చూసినా కేరళ జనమే. 68వ నిమిషంలో రాహుల్ కె.పి. గోలుతో వారి సంబరం మిన్నంటింది. ఇక అయిపోయిందనుకుంటుండగా, మధ్యలో దిగిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో దూరం నుంచి బంతిని నేలకు తగలకముందే తన్నాడు. గోల్! 1-1. అదనపు సమయంలో ఫలితం తేలలేదు.

పెనాల్టీ అంటే పన్నెండు గజాల దూరం. గోలు వెడల్పు ఎనిమిది గజాలు, ఎత్తు ఎనిమిది అడుగులు. కొట్టేవాడికే మొగ్గు ఎక్కువ. గోలీ ఆపితే అది అదనం. అలాంటి చోట లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. మొదట లెస్కోవిచ్‌ది. తర్వాత నిషు కుమార్‌ది. గోలీ గీత దాటి ముందుకు వచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ కొట్టాడు, కట్టిమణి మళ్లీ ఆపాడు. ఒక్కడినే రెండుసార్లు ఆపడం చూసేవారికి పండుగే గానీ, కొట్టినవాడి గతి ఆలోచిస్తే జాలి వేస్తుంది. మూడోది జీక్సన్ సింగ్‌ది. మన వైపు సివెరియో బంతిని పైనుంచి పోనిచ్చినా, బ్రెజిల్‌కు చెందిన కెప్టెన్ జోవా విక్టర్, కమారా, చివరిగా హలిచరణ్ నర్జారీ తప్పు చేయలేదు. 3-1తో కప్పు హైదరాబాదుది.

ఆ పదకొండు మందిలో తెలుగునేల నుంచి ఒక్కరూ లేరు. గోవా, సిక్కిం, మణిపూర్, ఉత్తరప్రదేశ్, బెంగాల్, ఆపైన విదేశీయులు. దీనిని తప్పుగా చెప్పడం లేదు. కప్పు మీద మన ఊరి పేరు ఉంది, కప్పు వెనుక మన ఊరి పిల్లలు లేరు. తర్వాత జరిగినది అర్థం కావడానికి ఈ సంగతి గుర్తుండాలి.

మరుసటి ఏడు సెమీఫైనల్లో మళ్లీ అదే మోహన్ బగాన్. ఈసారి గచ్చిబౌలిలో 0-0, కలకత్తాలో 0-0. పెనాల్టీలలో సివెరియో, ఒగ్బెచే ఇద్దరూ గురి తప్పడంతో 3-4తో ఇంటిముఖం పట్టాల్సి వచ్చింది. నాకౌట్‌లో ఓడితే వచ్చే ఏడు మళ్లీ రావచ్చు. కానీ ఆ వచ్చే ఏడు జీతాల బకాయిల గొడవలు పత్రికలకెక్కాయి. ఆటగాళ్లు ఒక్కరొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచారు. యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా ఉత్తరాదికి తరలిపోయింది. కప్పు గెలిచి నాలుగేళ్లు నిండకముందే!

అద్దె సైకిలు మీద వచ్చినవాడు

హైదరాబాదుకు ఒకప్పుడు ఇంతకన్నా పెద్ద పేరు ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. అది కూడా నాకౌట్ పోటీయే. అప్పట్లో పెనాల్టీల తీర్పు లేదు. సమానమైతే మరోనాడు మళ్లీ ఆడవలసిందే. 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌తో సమానంగా ముగిసి, మళ్లీ ఆడి పోలీసులు గెలిచారు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. బలహీనమైన కాలితోనే ఆడాలంటూ కుర్రవాళ్లకు పోటీలు పెట్టిన మనిషి. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పీటర్ తంగరాజ్, నూర్ మహ్మద్, అజీజుద్దీన్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాదీలు అందులో ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడే రహీం కన్నుమూశారు.

బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. పేద కుటుంబం. మైదానానికి రావడానికి సైకిలు అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చారని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకొనేవారు. 2023లో బలరామ్ కన్నుమూసేదాకా ఆ మాట మరువలేదు. సంగోల్కిలో ఇల్లు, బడి కట్టి చేసిన పనిని ఇక్కడ ఒక పంతులు తన జేబులోంచి చేశారు. తేడా ఏమిటంటే అక్కడ అది సంస్థగా నిలిచింది. ఇక్కడ మనిషితో పోయింది. పోలీసు జట్టు 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో మరొకసారి డ్యూరాండ్ గెలిచినా, తర్వాత క్రమంగా వెనకబడింది.

మరి మన సిద్దిపేట కుర్రవాడి సంగతి? స్కూల్ గేమ్స్ పోటీల్లో ఫుట్‌బాల్ ఉంది. బంతి, కాస్త చదునైన నేల, సాయంత్రం గంటసేపు ఉండే వ్యాయామోపాధ్యాయుడు దొరికితే మొదటి మెట్టు ఎక్కవచ్చు. ఇబ్బంది రెండో మెట్టు దగ్గర. అమ్ముగూడ నుంచి సైకిలు మీద రావచ్చు గానీ సిద్దిపేట నుంచి హైదరాబాదుకు నూరు కిలోమీటర్లు. రోజూ పోయి రావడం కుదరదు. పోయి ఉండాలంటే పెట్టుకునే దిక్కు కావాలి. కాబట్టి పదో తరగతి కాగానే చాలామంది ఆట అక్కడితో సరి.

హైదరాబాద్ ఎఫ్.సి. తరలిపోయాక తెలంగాణలో పేరున్న వృత్తి క్లబ్బుగా శ్రీనిధి దక్కన్ మిగిలింది. అజీజ్‌నగర్‌లో దానికి సొంత మైదానం ఉంది. 2022-23లో, 2023-24లో వరుసగా ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం వస్తే పై లీగులోకి పోయేది. రెండుసార్లూ ఒక్క మెట్టు కింద ఆగింది.