తెర బిగుసుకుపోతే ఆ నంబరుకు ఫోన్ చేయకండి

గాజువాకలో కంప్యూటర్లు బాగుచేసే నా దగ్గరికి స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన వాళ్లు ఎక్కువగా వస్తుంటారు. ఏదో వెతుకుతూ ఎక్కడో నొక్కితే తెరంతా ఎర్రబడుతుంది. 'మీ కంప్యూటర్ లాకైంది, ఆపొద్దు, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఒకటే అరుపు. పక్కన మైక్రోసాఫ్ట్ గుర్తో, పోలీసు ముద్రో. మౌస్ బాణం కూడా కనబడదు.

"అమ్మా, బ్యాంకులో డబ్బులు పోయినట్టేనా?" అని మొన్న ఒక పెద్దాయన వణికిపోతూ అడిగారు.

"లేదు బాబాయిగారూ, అది ఉత్త వెబ్ పేజీ" అన్నాను.

నిజంగా అంతే. సినిమా చూడ్డానికి బ్రౌజర్‌లో ఉండే ఫుల్ స్క్రీన్ సదుపాయంతోనే మోసగాళ్లు మీటలన్నీ కప్పేస్తారు. ఒక పెట్టె మూస్తే ఇంకోటి తెరుస్తారు. తెగని పని అప్పజెప్పి బ్రౌజర్‌కి ఊపిరాడనివ్వరు.

ముందు ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి. తర్వాత ఆల్ట్ పట్టుకుని ఎఫ్4. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. ఇవి నేరుగా విండోస్‌కే చేరతాయి, ఏ వెబ్ పేజీ అడ్డుకోలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి, బ్రౌజర్‌ని ఎంచుకుని ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచాక 'రిస్టోర్' అని అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు, అదే పేజీ తిరిగొస్తుంది. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో ఆ బ్రౌజర్ యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేస్తే చాలు.

అసలు వల ఆ నంబరే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్ లాంటి యాప్ వేయిస్తాడు. ఆ క్షణం నుంచి కంప్యూటర్ వాడి చేతిలో ఉన్నట్టే. ఇలా గొంతుతో నమ్మించే వాళ్లు ఎక్కడో దూరాన ఉంటారనుకోకండి. 2025 మే నెలలో మన పక్కనే అచ్యుతాపురంలో నకిలీ కాల్ సెంటర్ పట్టుబడింది. అమెజాన్ వాళ్లమని చెప్పి, అమెరికాలో ఉన్నవాళ్ల నుంచి గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు లాగారన్నది కేసు.

పిల్లలు తిడతారని కొందరు పెద్దవాళ్లు డబ్బు పోయినా రోజుల తరబడి దాస్తున్నారు. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే. తిట్టకండి, దయచేసి. వెంటనే నెట్ ఆపించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చేయించండి. డబ్బు ఖాతాలు మారకముందే నిలిపివేయించే వీలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి గంటల్లోనే.