నీలం మాత్ర వెనుక మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



మనకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో రెండు మందులు ఉంటాయి. ఒకటి ఇనుము, రెండోది ఫోలిక్ ఆమ్లం. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద ఒక తెలుగాయన. క్యాన్సర్ మందు కూడా దాని నుంచే పుట్టింది. అదెలాగో రాస్తున్నాను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. మా ఊళ్లో ఒక్కసారి తప్పితే చాలు, పుస్తకాలు మూలన పడేసి పొలం పంపుతారు. అందుకే ఈ సంగతి అందరికీ తెలియాలి.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయన మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కోటు వేసుకున్నారని ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ అనే చిన్న పట్టా ఇచ్చారు. తర్వాత అమెరికా వెళ్లారు. ఖర్చులకోసం రాత్రుళ్లు ఆసుపత్రిలో కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో చేరారు.

మందు ఎలా పనిచేస్తుంది?

మన ఒంట్లో రక్తకణాలు రోజూ కొత్తవి పుడతాయి. ఒక కణం రెండు కావాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. అది చాలకపోతే రక్తం తగ్గిపోతుంది. రక్త క్యాన్సర్‌లో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. వాటికీ ఫోలిక్ ఆమ్లమే కావాలి.

తాలు గింజను మీరందరూ చూశారు కదా. పైకి వడ్లగింజే, లోపల బియ్యం ఉండదు. చల్లితే మొలవదు. సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లానికి అలాంటి తాలు గింజను తయారుచేసింది. దాని పేరు అమినోప్టెరిన్. కణం దాన్ని అసలుదే అనుకుని లోపలికి తీసుకుంటుంది. చోటు నిండుతుంది గాని పని జరగదు. కణం రెండు కాలేక చచ్చిపోతుంది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ మందును 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందికి కొన్నాళ్లు జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. తర్వాత జబ్బు తిరగబెట్టింది. అయినా మందుతో దాన్ని లొంగదీయవచ్చని అప్పుడే తెలిసింది. దీని తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. ఈ మందు మంచి కణాలనూ దెబ్బతీస్తుంది, నోట్లో పుండ్లు పడతాయి. అందుకే డాక్టరు కొలిచి ఇవ్వాలి.

బోదకాలుకు ఊళ్లలో పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందానిదే. అన్నదమ్ములను చంపిన స్ప్రూకి ఫోలిక్ ఆమ్లం పనిచేసింది. కాని అప్పటికి వాళ్లు పోయి చాలా ఏళ్లయింది. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే చనిపోయారు. 1995లో మన దేశం ఆయన పేరున తపాలా బిళ్ల వేసింది.

చెల్లెళ్లూ, కడుపులో తిప్పుతోందని మాత్రను కిటికీలోంచి పారేయకండి. మనలో చాలామందికి రక్తం తక్కువ. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు, అది ఇనుము వల్లే. మేడంలకు ఒక మనవి: ఖాళీ కడుపున ఇవ్వకండి, అన్నాలయ్యాక ఇవ్వండి. అప్పుడు ఎవరూ పారేయరు.

— 9వ తరగతి విద్యార్థిని