భయానికి ఎదురుగా నిలిపే చికిత్స

ప్రమాదంలో కాలు విరిగితే కట్టు కడతారు, ఎముక అతుక్కుంటుంది. అదే ప్రమాదంలో మనస్సుకు తగిలిన దెబ్బ కంటికి కనబడదు. మనిషి తిరుగుతూనే ఉంటాడు, పని చేసుకుంటూనే ఉంటాడు. కాని రాత్రివేళ అదే దృశ్యం కలలోకి రాగా ఉలికిపడి లేస్తాడు. ఆ చోటికి పోడు, ఆ మాట ఎత్తనివ్వడు. చిన్న చప్పుడైనా గుండె దడదడ కొట్టుకుంటుంది. ఇట్టి లక్షణాలు నెలకు మించి నిలిచి బ్రతుకుకు అడ్డుపడినప్పుడు దానిని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. తెలుగులో ఆఘాతానంతర వ్యథ అనవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులలో ఇటువంటి బాధను చూచి ‘షెల్ షాక్’ అన్నారు. ఇప్పటి పేరుతో అమెరికా మనోవైద్యుల సంఘంవారి వ్యాధుల పట్టికలో చేరినది మాత్రం 1980లోనే.

ఈ వ్యథకు చికిత్స చేసేవారిలో క్లినికల్ సైకాలజిస్టులు ఒకరు. మనవారు వీరినీ మానసిక వైద్యులనూ ఒకే గాట కట్టివేస్తారు. మానసిక వైద్యుడు ముందు ఎం.బి.బి.ఎస్. చదివి, తర్వాత మనోవైద్యంలో పట్టం పొందినవాడు, మందులు వ్రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మనోవిజ్ఞానశాస్త్రం చదివి, ఆస్పత్రిలో రోగుల మధ్య శిక్షణ పొందినవాడు. పరీక్షలు, సంభాషణ, అభ్యాసం, ఇవే అతని పనిముట్లు. మన దేశంలో 1954లో బెంగుళూరులో వెలసిన అఖిలభారత మానసిక ఆరోగ్య సంస్థ ఇట్టి శిక్షణకు తొలి కేంద్రాలలో ఒకటి. అదే 1974లో నిమ్‌హాన్స్‌లో కలిసింది.

ఈ వృత్తి ఎట్టిదో తెలియడానికి ఒకరి కృషిని పరిశీలిద్దాం. ఎడ్నా ఫోవా 1937లో హైఫా నగరంలో జన్మించింది. 1970లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంనుండి డాక్టరేటు పొంది, ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వోల్ప్ వద్ద శిక్షణకు చేరింది. ఈ వోల్ప్ కథ కూడా తెలుసుకోదగినదే. దక్షిణాఫ్రికా దేశస్థుడైన ఆయన రెండవ ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడు. బెదిరిన సైనికులకు మందిచ్చి, మగతలో జరిగినది చెప్పించేవారు. చెప్పినవారికి నిలకడైన గుణం కనబడలేదు. ఆ అసంతృప్తితో యుద్ధానంతరం పిల్లులపై ప్రయోగాలు చేశాడు. బోనులో విద్యుదాఘాతం తిన్న పిల్లి ఆ బోనులో ఆహారం ముట్టదు. దూరంగా మరొక గదిలో తినిపించి, రోజురోజుకూ కొంచెం దగ్గరికి తెస్తే, చివరకు ఆ బోనులోనే తింటుంది. మనుషుల విషయంలోనూ, ముందు శరీరాన్ని సడలించి, ఆపైన భయకారణాన్ని మెట్టుమెట్టుగా తలపింపజేయాలని ఆయన పద్ధతి.

ఫోవా ఈ బాటలోనే బయలుదేరి, భయానికి సూటిగా ఎదురు నిలిపే పద్ధతివైపు మరలింది. మొదట ఆమె చేతులు పదేపదే కడుక్కోవడంవంటి పీడక ఆలోచనల రోగులకు చికిత్స చేసింది. 1980 తర్వాత అత్యాచారానికి గురైన స్త్రీలవైపు దృష్టి సారించింది. 1986లో మైకేల్ కోజాక్‌తో కలిసి ప్రకటించిన వ్యాసంలో భయానికి మనస్సులో ఒక నిర్మాణం ఉంటుందన్నది. అందులో మూడు భాగాలు: భయం పుట్టించే వస్తువులు, వాటికి శరీరం చూపే ప్రతిక్రియ, ఆ రెండింటికీ మనం కట్టిన అర్థం. పాము కరచినవాడు తాడును చూచి ఉలికిపడతాడు. తాడు దగ్గరికి పోకుండా తప్పించుకున్నంతకాలం అది తాడేనని అతనికి తెలిసే అవకాశం లేదు. తప్పించుకోవడం ఆ పూటకు ఉపశమనం ఇస్తుంది, భయాన్ని మాత్రం పెంచి పోషిస్తుంది. కనుక చికిత్సలో రెండు జరగాలి: ఆ భయం మేలుకోవాలి; మేలుకొన్నప్పుడు దానికి సరిపడని కొత్త అనుభవం ఎదురు కావాలి.

ఇందునుండి వచ్చినదే ప్రొలాంగ్‌డ్ ఎక్స్‌పోజర్ అనే చికిత్స. సాధారణంగా ఎనిమిదినుండి పదిహేను సమావేశాలు. ఒక్కొక్కటి సుమారు 90 నిమిషాలు. రోగి తాను తప్పించుకుంటున్న వాటికి సున్నానుండి నూరువరకు భయపు మార్కులు వేస్తాడు. నిజంగా అపాయంలేని వాటినే ఎంచి, తేలికైన వాటితో మొదలుపెట్టి, ఇంటివద్ద అభ్యాసం చేస్తాడు. సమావేశంలో కన్నులు మూసుకొని, జరిగినదానిని ఇప్పుడే జరుగుతున్నట్లు చెబుతాడు. ముగిశాక మళ్ళీ మొదటినుండి. ఆ మాటలను రికార్డు చేసి ఇంటివద్ద వినమంటారు. తర్వాత ఇద్దరూ కూర్చొని దానిని గురించి మాట్లాడుకుంటారు. తలచుకోవడం వేరు, మళ్ళీ అందులో చిక్కుకోవడం వేరు అని రోగికి అప్పుడు తెలిసివస్తుంది. ‘తప్పంతా నాదే’ అని ఏళ్ళ తరబడి నమ్మినవారికి, వివరంగా చెప్పుకున్నప్పుడు ఆ నమ్మకంలో పగులు కనబడుతుంది.

ఇది క్రూరమైన పని కాదా అని కొందరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. దానికి జవాబు వాదంతో కాదు, పరీక్షతో తేలాలి. 1991లో ఫోవా బృందం 45 మంది స్త్రీలపై జరిపిన పరిశోధనను ప్రకటించింది. కొందరికి ఈ పద్ధతి, కొందరికి ఒత్తిడిని తట్టుకునే మెలకువలలో శిక్షణ, కొందరికి ఓదార్పు సంభాషణ. మరికొందరు తమ వంతుకై వేచి ఉన్నారు. చికిత్స ముగిసిన వెంటనే మెలకువల శిక్షణే మెరుగ్గా కనబడింది. మూడున్నర నెలల తర్వాత చూస్తే ఎదురు నిలిపే పద్ధతివారే ముందున్నారు. తమకు నచ్చిన పద్ధతి మొదట వెనుకబడిన సంగతిని కూడా ఉన్నదున్నట్లు ప్రకటించడం మన విద్యార్థులు గమనించవలసిన విషయం.

ఆమె పాల్గొన్న 1992నాటి మరొక పరిశోధన ఉపాధ్యాయులకు ఎక్కువ ఉపయోగం. అత్యాచారం జరిగిన సుమారు రెండు వారాలకు నూటికి 94 మందిలో ఈ లక్షణాలు ఉన్నవి. మూడు నెలలకు 47 మందిలోనే మిగిలినవి. అనగా సగంమంది చికిత్స లేకుండానే కోలుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనవంటి విపత్తు తర్వాత కూడా బడిపిల్లలందరినీ రోగులుగా లెక్కించకూడదు. ఆ మరునాడే కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించడం ఈ వ్యథను నివారించదని తర్వాతి పరిశోధనలు తేల్చినవి. భద్రమైన చోటు, తనవారు, మళ్ళీ తెరచిన బడి మొదటి అవసరాలు. నెలలు గడిచినా పిల్లవాడు నీటి ఒడ్డుకు పోలేక, నిద్ర లేక, చదువు వదిలివేస్తూ ఉంటే అప్పుడు నిపుణునికి చూపాలి. చికిత్సను ఉపాధ్యాయుడే చేయబూనడం ప్రమాదం.

ఫోవా పద్ధతి అన్ని పరీక్షలలోనూ నెగ్గలేదు. 370 మంది అమెరికా సైనికులపై ఆమె బృందం జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. పది సమావేశాలను ఎనిమిది వారాలకు బదులు రెండు వారాలలో ముగించినా ఫలితం తగ్గలేదు. ఇది ఉద్యోగం వదిలి రాలేనివారికి మేలైన వార్త. కాని ఎనిమిది వారాల చికిత్సను, గతం జోలికి పోకుండా ఇప్పటి కష్టాలను మాత్రమే చర్చించే మరొక చికిత్సతో పోల్చినప్పుడు, చెప్పుకోదగిన భేదం కనబడలేదు. పైగా ఏ చికిత్సలోనైనా మధ్యలో మానివేసేవారు ఉన్నారు, చివరివరకు వచ్చినా గుణం కనబడనివారు ఉన్నారు. ఎవరికి ఏది సరిపడుతుందో ముందుగానే నికరంగా చెప్పగల పరీక్ష ఇంకా చేతికి రాలేదు.