ఐదో తరగతి పిల్లకు ఏడో తరగతి లెక్కలు

సంక్రాంతి వెళ్లిందంటే మన ఊళ్లలో ఇంకో సీజన్ మొదలవుతుంది. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం కార్పొరేట్ స్కూళ్ల పీఆర్వోలు కరపత్రాలు పట్టుకుని ఇళ్లకు వస్తారు. మా పక్కింటికీ వచ్చారు. "మీ పాప స్క్రీనింగ్ టెస్టులో బాగా చేసిందండీ. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్లో వేసేద్దాం. ఫీజులో కన్సెషన్ నేను మాట్లాడతాను. ఈ నెలాఖరులోపు చెప్పాలి" అన్నారట. పాప చదివేది ఐదు. లెక్కల్లో ఎప్పుడూ పాతికకు పాతికే.

వాళ్లమ్మ ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "మాస్టారూ, వేయమంటారా, వద్దా?"

ఔననో కాదనో అప్పటికప్పుడు చెప్పగలిగే ప్రశ్న కాదది. ఫౌండేషన్ సెక్షన్ అంటే చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఆరులో ఉన్న పిల్లలకు ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలు నడుపుతారు. తొమ్మిది, పదికి వచ్చేసరికి ఇంటర్ లెక్కలు ముట్టుకుంటారు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు పదహారేళ్లు నిండని పిల్లలను కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదన్నాయి. అది కోచింగ్ సెంటర్ల సంగతి. బడి టైమ్‌టేబుల్లోనే కలిసిపోయి నడిచే ఫౌండేషన్ క్లాసు విషయంలో తేల్చుకోవలసింది తల్లిదండ్రులే.

ముందుగా ఆ పాతిక మార్కుల సంగతి చూద్దాం. పాతికకు పాతిక వచ్చిందంటే ఐదో తరగతి లెక్కలు ఆ పిల్లకు వచ్చని తెలుస్తుంది. అంతకు మించి ఎంత వచ్చో తెలియదు. అడుగు కొలబద్దతో మనిషి ఎత్తు కొలిస్తే అందరూ అడుగే వస్తారు కదా. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో లెక్కల్లో చురుకైన పిల్లల మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టాడు. ఆయన పట్టుకున్న కిటుకు ఇదే. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు వాళ్ల తరగతి పరీక్ష కాకుండా, కాలేజీలో చేరబోయే పదిహేడేళ్లవాళ్లు రాసే శాట్ పరీక్షను పెట్టాడు. తరగతి పరీక్షలో అందరూ తొంభైతొమ్మిదులూ వందలూ తెచ్చుకున్న పిల్లలే. కొత్త పరీక్షలో మాత్రం ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారో బయటపడింది.

కాబట్టి ఇంట్లో చేయగలిగిన మొదటి పని, పై తరగతి సంవత్సరాంత పరీక్ష పేపరు ఒకటి సంపాదించి, ఏమీ చదివించకుండా రాయించడం. ఐదులో ఉంటే ఆరుది. మార్కుల కోసం కాదు. ఏది తనంతట తాను పట్టుకుందో, ఏది అసలు ముట్టుకోలేదో చూడటానికి. పక్కింటి పాప ఆ పేపరులో సగం పైగా చేసింది. వాళ్లమ్మ ముఖం వెలిగింది. నేను మాత్రం ఇంకో రెండు సాయంత్రాలు పాపతో కూర్చుంటానన్నాను.

మొదటి సాయంత్రం కాగితం మీద ఇలా రాశాను: 8 + 4 = ▢ + 5. డబ్బాలో ఏముండాలి?

పాప తడుముకోకుండా 12 వేసింది. ఇది అమెరికాలో పరిశోధకులు బడిపిల్లల మీద ఎన్నోసార్లు ప్రయోగించిన లెక్క. అక్కడా పెద్ద తరగతుల పిల్లలు సైతం 12 అనో, అన్నీ కలిపేసి 17 అనో రాసేవారు. కూడిక రాక కాదు. సమాన గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అని చిన్నప్పటి నుంచి అలవాటు. అటూ ఇటూ తూగాలి అన్న ఊహ లేదు. ఆ ఊహ లేకుండా బీజగణితం మొదలుపెడితే x + 5 = 12 దగ్గర పిల్లలు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. "పక్షం మారితే గుర్తు మారుతుంది" అని బట్టీ పడతారు. ఎందుకు మారుతుందంటే "మా సార్ చెప్పారు" అంటారు. సార్ చెప్పినంత కాలం లెక్క నడుస్తుంది.

పాపకు తక్కెడ కథ చెప్పాను. ఒక పళ్లెంలో ఎనిమిదీ నాలుగూ, రెండో పళ్లెంలో ఐదు కిలోలు, ఇంకెంత వేస్తే తూగుతుంది అన్నాను. "ఓ, ఏడు!" అంది. రెండు నిమిషాలు పట్టలేదు. తప్పు చేసిందా అన్నదానికన్నా, తప్పు తెలిశాక ఎంత త్వరగా, ఎంత ఇష్టంగా సర్దుకుందన్నదే నేను చూస్తాను. ఈ విషయంలో పాపకు మంచి మార్కులే వేశాను.

తర్వాత భిన్నాలు. పదమూడింట పన్నెండు, ఎనిమిదింట ఏడు కలిపితే సుమారు ఎంత? ఒకటా, రెండా, పంతొమ్మిదా, ఇరవై ఒకటా? కాగితం ముట్టుకోకూడదు అన్నాను. 1978లో అమెరికా జాతీయ పరీక్షలో పదమూడేళ్ల పిల్లలను అడిగిన ప్రశ్న ఇది. సరిగ్గా 2 అన్నవాళ్లు 24 శాతమే. సగం మందికి పైగా 19 అనో 21 అనో పెట్టారు. పైన ఉన్నవి కలిపితే 19, కింద ఉన్నవి కలిపితే 21. అంతే!

మన పాప అలా చేయలేదు. "ఎల్‌సీఎం తీయకుండా ఎలా చెప్తాం తాతగారూ?" అంది.

ఈ జవాబు గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. కాగితం ఇచ్చి ఉంటే పాప పదమూడు ఎనిమిదులు నూట నాలుగు అని హారం తీసి, తొంభై ఆరూ తొంభై ఒకటీ కలిపి, నూట ఎనభై ఏడు బై నూట నాలుగు అని తప్పు లేకుండా రాసేది. కానీ పదమూడింట పన్నెండు అంటే దాదాపు ఒకటి, ఎనిమిదింట ఏడు అన్నా దాదాపు ఒకటే అని కంటికి కనబడలేదు. పద్ధతి వచ్చు. ఆ భిన్నం ఎంత ఉంటుందో మాత్రం మనసులో లేదు. రాబర్ట్ సీగ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2012లో అచ్చువేసిన అధ్యయనంలో, అమెరికా, బ్రిటన్ పిల్లలకు సుమారు పదేళ్లప్పుడు భిన్నాలూ భాగహారాలూ ఎంత బాగా తెలుసన్నది, పదహారేళ్లప్పుడు వాళ్ల బీజగణితం ఎలా ఉంటుందో ముందే సూచించింది. తెలివితేటల్లో, ఇంటి ఆదాయంలో తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా. అందుకే ఐదో తరగతి పిల్లను పై తరగతికి దూకించే ముందు నేను ఎక్కాల కన్నా భిన్నాలనే ఎక్కువగా తడిమి చూస్తాను. అర కిలో పంచదారను పావు కిలో పొట్లాలుగా కడితే ఎన్ని పొట్లాలు? రెండు అని ఏ పిల్లయినా చెబుతుంది. అరను పావుతో భాగించు అంటే తిరగేసి గుణించి అప్పుడూ రెండే తెస్తుంది. ఈ రెండూ ఒకటే లెక్క అని గుర్తుపడితే సగం దిగులు తీరినట్టే.

ఇక్కడ బెన్నీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అది కుర్రాడి అసలు పేరు కాదు, పరిశోధకుడు స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ 1973లో రాసిన వ్యాసంలో పెట్టిన పేరు. బెన్నీకి పన్నెండేళ్లు. వాళ్ల బడిలో ప్రతి పిల్లా తన వేగంతో తాను పుస్తకాలు పూర్తి చేసుకుంటూ, పరీక్ష రాసి, నూటికి ఎనభై దాటితే తర్వాతి భాగానికి వెళ్లే పద్ధతి ఉండేది. బెన్నీ ఆ పరుగులో ముందున్నవాళ్లలో ఒకడు. టీచరుకూ అతని మీద మంచి అభిప్రాయమే. ఎర్ల్‌వాంగర్ పక్కన కూర్చుని మాట్లాడించాడు. పదింట రెండు దశాంశంలో ఎంత? 1.2 అన్నాడు బెన్నీ. పదీ రెండూ కలిపితే పన్నెండు, ఒక చుక్క పెట్టాడు. 0.3కు 0.4 కలిపితే? .07. రెండు చుక్కలున్నాయి కాబట్టి జవాబులో రెండు స్థానాలు. ఒక్కో రకం లెక్కకు ఒక్కో సూత్రం తనే కల్పించుకున్నాడు. జవాబుల పట్టికతో సరిపోకపోతే ఇంకో సూత్రం. అతని దృష్టిలో లెక్కలంటే ఎవరో ఎప్పుడో పెట్టిన రూల్స్ కుప్ప, ఆ జవాబుల పట్టికకు నచ్చేది వెతకడమే ఆట.

మన వీకెండ్ టెస్టుల్లో, ఓఎంఆర్ షీట్లలో బెన్నీలు ఎంతమంది దాక్కున్నారో! నాలుగింట్లో ఒకటి ఎంచుకునే పరీక్షలో పిల్ల ఎలా ఆలోచించిందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ర్యాంకు మాత్రం తండ్రి ఫోనుకు మెసేజీగా వస్తుంది.

రెండో సాయంత్రం పాపను గెలిపించడానికి కాదు, ఇరికించడానికి కూర్చున్నాను. ఒకటి నుంచి వంద దాకా అంకెలన్నీ రాస్తే తొమ్మిది ఎన్నిసార్లు రాయాలి? పాప "పది" అంది. తొంభైలో తొమ్మిది లేదా అన్నాను. "అయితే పంతొమ్మిది" అంది. తొంభై తొమ్మిదిలో ఎన్ని అని అడగకుండా, కాదు, ఇంకోసారి చూడు అని వదిలేసి కాఫీ తాగడానికి లేచాను. ఇక్కడ పిల్లలు రకరకాలుగా తేలతారు. కొందరు వెంటనే "జవాబు చెప్పేయండి" అంటారు. కొందరి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తప్పంటే వాళ్లకు అవమానం. కొందరు గాలిలో అంకెలు విసురుతారు: పద్దెనిమిదా? ఇరవై రెండా? కొందరు కాగితం తీసుకుని మొదటి ఇరవై అంకెలకు చేసి చూస్తారు. ఈ చివరివాళ్లు పై తరగతి పాఠానికి తట్టుకుంటారు. అక్కడ రోజూ ఇలా ఇరుక్కోవడమే పని కాబట్టి. ఇప్పటిదాకా తరగతిలో ఎప్పుడూ మొదటి ర్యాంకే వచ్చి, ఇరుక్కోవడం అంటే ఏమిటో తెలియని పిల్ల అక్కడ మొదటి నెలలోనే "నాకు లెక్కలు రావు" అనే నిర్ణయానికి రావడం నేను చూశాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు.

అలాగని ముందుకు పంపడమే తప్పనుకోకండి. నిజంగా సిద్ధంగా ఉన్న పిల్లను తన వయసు పాఠం దగ్గరే కట్టేయడమూ అన్యాయమే. క్లాసు పనిని పది నిమిషాల్లో ముగించి కిటికీలోంచి చూసే పిల్ల, సెలవుల్లో అక్క పుస్తకం తీసి తనే చేసుకునే పిల్ల, సున్నాతో ఎందుకు భాగించకూడదని ఎవరూ అడగకుండానే అడిగే పిల్ల ఉంటారు. జూలియన్ స్టాన్లీ అధ్యయనంలోని పిల్లలను పరిశోధకులు దశాబ్దాల తరబడి గమనించారు. తగిన పిల్లలను ముందుకు పంపితే నష్టపోయినట్టు కనబడలేదు, లాభమే కనబడింది. గణిత శాస్త్రవేత్త టెరెన్స్ టావో ఎనిమిదేళ్లకే శాట్ లెక్కల్లో 800కు 760 తెచ్చుకున్నాడు. అయినా అమ్మానాన్నలు అతన్ని అన్నిట్లో ఒక్కసారిగా పైకి ఎక్కించలేదు. సబ్జెక్టును బట్టి వేర్వేరు తరగతుల్లో కూర్చోబెట్టారు, విశ్వవిద్యాలయంలో పూర్తికాలం విద్యార్థిగా చేరేసరికి పద్నాలుగేళ్లు.

ఇబ్బంది ఓ మాదిరిగా చదివే పిల్లలతో. ఉత్తర కరోలినాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న షార్లెట్ నగరం బడుల్లో 2000ల మొదట్లో ఎనిమిదో తరగతికే ఆల్జీబ్రా చదివే పిల్లల సంఖ్యను బాగా పెంచారు. మామూలు మార్కుల పిల్లలనూ అందులోకి నెట్టారు. తర్వాత ఆర్థికవేత్తలు క్లాట్‌ఫెల్టర్, లాడ్, విగ్డర్ లెక్కతీస్తే, అలా ముందుకు జరిగిన పిల్లలు ఆల్జీబ్రాలోనూ వెనకబడ్డారు, ఆ తర్వాతి జామెట్రీలోనూ దెబ్బతిన్నారు. అక్కడ ఎనిమిదిలో ఆల్జీబ్రా పూర్తిచేస్తేనే మామూలు వరసలో పన్నెండుకు కాలిక్యులస్ అందుతుంది. అందుకే అక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఆల్జీబ్రా గొడవ ఆగదు. ఇక్కడ కాలిక్యులస్ స్థానంలో ఐఐటీ సీటు ఉంది, తేడా అంతే.

మన ఫౌండేషన్ సెక్షన్ల విషయంలో నాకున్న అసలు అభ్యంతరం పాఠం మీద కాదు, గంటల మీద. సిద్ధంగా ఉన్న పిల్లకు అదే పాఠం తక్కువ సమయంలో రావాలి. తెలిసింది వదిలేసి తెలియనిదే చెప్పాలి. దానికి బదులు సాయంత్రం రెండు గంటల స్టడీ అవర్, ఆదివారం పరీక్ష కలిపితే అది వేగం కాదు, బరువు. కాబట్టి స్కూలువాళ్లను అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రోజుకు మొత్తం ఎన్ని గంటలు? లెక్కల్లో ముందున్న పిల్ల మిగతా సబ్జెక్టుల్లో మామూలు తరగతిలో కూర్చోవచ్చా? పరీక్షలో పిల్ల చేసిన రఫ్ వర్క్ ఎవరైనా చూస్తారా? మూడు నెలల తర్వాత పొసగకపోతే, పరువు పోకుండా మామూలు సెక్షన్‌కు రావచ్చా? ఈ నాలుగోదానికి నీళ్లు నమిలితే నేనైతే అక్కడితో లేచి వచ్చేస్తాను.

పిల్ల ఆకలి తీర్చడానికి పై తరగతి ఒక్కటే దారి కూడా కాదు. ముంబయిలోని హోమీ భాభా కేంద్రం వెబ్‌సైట్లో పాత ఒలింపియాడ్ పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. అవి చాలావరకు పెద్ద పిల్లలకు. అయినా అందులో ఒక్కోటి ఏరి, వారానికి ఒక్క లెక్క పిల్లతో కలిసి నమిలితే, ముందు తరగతికి వెళ్లకుండానే లోతుకు వెళ్లవచ్చు.

పక్కింటి పాప సంగతి. తొమ్మిదుల లెక్క వదిలేసి పరుగెత్తింది, తొక్కుడుబిళ్ల పిలిచినట్టుంది. మర్నాడు పొద్దున్నే నేను మొక్కలకు నీళ్లు పోస్తుంటే ప్రహరీ మీంచి తల బయటపెట్టి "ఇరవై తాతగారూ! తొంభై తొమ్మిదిలో రెండున్నాయి!" అని అరిచి స్కూల్ బస్సు ఎక్కడానికి పరుగు తీసింది. చాలా మంచి పిల్ల. మనసులో భిన్నాల బొమ్మ మాత్రం ఇంకా కుదరలేదు. ఆరులో మామూలు సెక్షన్లోనే ఉంచి, శనివారాలు నా దగ్గరకు పంపమన్నాను. ఏడాది తర్వాత మళ్లీ చూద్దామన్నాను.

వాళ్లమ్మ పీఆర్వోకు ఫోన్ చేసి చెప్పింది. అతను వచ్చే ఏడాది ఈ కన్సెషన్ ఉండదమ్మా అన్నాడట. ఆవిడ దిగులుగా నా వంక చూసింది.

"వచ్చే సంక్రాంతికీ వస్తాడమ్మా, కంగారు పడకు" అన్నాను.