పాత ఓనర్ ‘అద్దె బాకీ’ అంటున్నారా? తొందరపడి ఒప్పుకోకండి!

ఇల్లు ఖాళీ చేసిన కొన్ని నెలలకు పాత ఓనర్ ఫోన్ చేసి ‘రెండు నెలల అద్దె బాకీ ఉంది’ అంటే ఏం చేయాలి? ముందు ఏ నెలలది, ఎంత అన్నది రాతపూర్వకంగా అడగండి. కట్టేశానంటే సరిపోదు, కట్టినట్టు మీరే చూపించాలి. ఫోన్‌పే, గూగుల్ పేలో పంపి ఉంటే బ్యాంక్ స్టేట్‌మెంటే గట్టి ఆధారం. చిక్కంతా చేతికి క్యాష్ ఇచ్చి రశీదు తీసుకోని వాళ్లకే. అలాంటప్పుడు అద్దె అందిందన్న పాత వాట్సాప్ మెసేజ్ ఒక్కటి దొరికినా మేలే, డిలీట్ చేయొద్దు. అడ్వాన్స్‌లో ఇప్పటికే పట్టుకున్నారేమో కూడా చూసుకోండి. లాయర్ నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకుండా జవాబివ్వండి.

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం అద్దె బకాయిపై దావాకు గడువు, బాకీ పడిన రోజు నుంచి 3 ఏళ్లే. కానీ ఆలోపు ‘బాకీ ఉన్నాను, ఇస్తాలెండి’ అని రాసి సంతకం పెట్టారో, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు.