జ్వరం తగ్గాక నరాలకు తగిలే దెబ్బ



ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు మనం పడే హైరానా, జ్వరం తగ్గాక ఉండదు. థర్మామీటరు కడిగి దాచేస్తాం, నాలుగు రోజులు పథ్యం పెట్టి పిల్లాణ్ణి బడికి పంపేస్తాం. కాని చాలా కొద్దిమందిలో అసలు కథ అప్పుడే మొదలవుతుంది. తట్టు పోసి తగ్గిన వారానికో, జలుబూ దగ్గూ పోయిన పదిహేను రోజులకో మనిషి మగతగా పడి ఉండటం, నడక తూలటం, చూపు మసకబారటం, మెట్లెక్కబోయి కూలబడటం. "జ్వరం తాలూకు నీరసంలే" అని హార్లిక్స్ కలిపి ఇస్తాం. నీరసం వేరు, ఇది వేరు.

మా బాలానగర్‌లో మోటారు వైండింగ్ షాపు ముందు ఎప్పుడైనా ఓ నిమిషం నిలబడి చూడండి. అక్కడి రాగి తీగకి సన్నటి పూత ఉంటుంది. పూత చెడిందంటే రాగి ఎంత మేలిదైనా మోటారు పనికిరాదు. మన నరాలకీ అలాంటి పూత ఉంది, దాని పేరు మైలిన్. తడి తీసేసి చూస్తే అందులో మూడొంతుల దాకా కొవ్వే. మెదడులోనూ వెన్నుపాములోనూ ఒక రకం కణాలు, కాళ్లకీ చేతులకీ వెళ్లే నరాల్లో మరో రకం కణాలు ఈ కొవ్వు పొరని నరం చుట్టూ చాప చుట్టినట్టు చుడతాయి.

ఈ పూత రక్షణ కోసమే అనుకోకండి. దీని మధ్యమధ్య చిన్న ఖాళీలుంటాయి. మెదడు పంపిన కబురు ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి గెంతుతూ పోతుంది, ఎక్స్‌ప్రెస్ బస్సు ఊరూరా ఆగకుండా పోయినట్టు. పూత లేని సన్న నరంలో కబురు సెకనుకి ఓ మీటరు దూరం నడిస్తే, దళసరి పూత ఉన్న నరంలో వంద మీటర్ల దాకా పరుగెడుతుంది. పూత ఊడిపోతే కబురు ఆలస్యమవుతుంది, లేదా దారిలోనే ఆగిపోతుంది. మనిషి లేవాలనుకుంటాడు, కాలు లేవదు.

మరి వైరస్‌కీ ఈ పూతకీ ఏమిటి సంబంధం? ఒక్కోసారి వైరస్ తానే మెదడులో చేరి పాడు చేస్తుంది. తట్టు వైరస్ అలా ఏళ్ల తరబడి దాగి ఉండి, సాధారణంగా ఆరు నుంచి పదేళ్ల తర్వాత బయటపడే జబ్బు ఒకటుంది. డాక్టర్లు ఎస్.ఎస్.పి.ఇ. అంటారు. చదువుకునే పిల్లవాడు ఉన్నట్టుండి వెనకబడతాడు, ఉలిక్కిపడినట్టు ఒళ్లు అదురుతుంది. దాన్ని నయం చేసే మందు లేదు. రెండేళ్లు నిండకుండా తట్టు పోసిన పిల్లలకి ఈ ముప్పు ఎక్కువ. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. టీకా మాత్రం మానకండి.

ఎక్కువసార్లు జరిగేది ఇంకొకటి. వైరస్‌ని తరమడానికి లేచిన మన రోగనిరోధక శక్తి, వైరస్ పోలికలున్న సొంత మైలిన్‌ని చూసి, ఇదీ దొంగేనని దాని మీద పడుతుంది. వినడానికి కట్టుకథలా ఉంటుంది గాని, దీనికి రుజువు మనవాళ్ల పొట్టల మీదే ఉంది.

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్లు మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటారు. అది 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే ఆయన రూపొందించిన టీకా. రేబిస్ వైరస్‌ని గొర్రె మెదడులో పెంచి, ఫినాల్‌తో చంపి, ఆ మెదడునే నలిపి ఎక్కించేవారు. గొర్రె మెదడు నిండా మైలిన్ కదా! కొందరి ఒంట్లో ఆ మైలిన్ మీద పుట్టిన పగ తమ సొంత నరాల మీదికి తిరిగేది. కుక్క కాటు నుంచి బయటపడ్డ మనిషికి కాళ్లు చచ్చుబడేవి. టీకాలో చచ్చిన వైరస్ కాదు, ఆ మైలిన్ ప్రోటీనే కారణమని 1987లో థాయిలాండ్ రోగుల మీద జరిగిన పరిశోధన చూపించింది. మన దేశంలో ఆ టీకా తయారీ 2004 చివర్లో ఆగిపోయింది. ఆ భయంతో ఇప్పటికీ కుక్క కాటుకి పసర్లు పూసేవాళ్లున్నారు. ఇప్పటి టీకాలో మెదడు ముక్క లేదు. మన గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వంటి సంస్థలు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద దీన్ని చేస్తున్నాయి. నాలుగైదు సార్లు చేతికి వేస్తారు. రేబిస్ ముదిరితే దాదాపు ఎవరూ బతకరు, అది తలుచుకోండి.

సరే, అసలు సంగతికొస్తాను. పొరపాటు దెబ్బ మెదడు, వెన్నుపాముల మీద పడితే మగత, ఫిట్స్, చూపు పోవటం, ఒక పక్క బలహీనత. తట్టు పోసిన వెయ్యిమందిలో సుమారు ఒకరికి ఇది వస్తుంది. ఆటలమ్మ, ఫ్లూ తర్వాత కూడా రావచ్చు. ఆస్పత్రిలో నరంలోకి స్టీరాయిడ్ ఎక్కిస్తారు, పిల్లల్లో చాలామంది తేరుకుంటారు.

కాళ్లూ చేతుల నరాల మీద పడితే గిలియన్ బారీ. 2025 మొదట్లో పుణేలోనూ, ఫిబ్రవరిలో మన గుంటూరు ఆస్పత్రిలోనూ వార్తలకెక్కిన జబ్బు ఇదే. దీనికి ముందొచ్చేది వైరసే కానక్కర్లేదు; పుణేలో కలుషిత నీళ్లతో వచ్చే బాక్టీరియా చాలామందిలో కనబడింది. అటువంటప్పుడు పూతే కాదు, లోపలి తీగ కూడా దెబ్బతినవచ్చు. పాదాల్లో తిమ్మిరితో మొదలై, బలహీనత రెండు కాళ్ల నుంచి నడుముకీ చేతులకీ పాకుతుంది. ఊపిరి కండరాల దాకా పాకితే ప్రాణానికి ముప్పు, నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటరు అవసరమవుతుంది. దీనికి స్టీరాయిడ్ పని చెయ్యదు. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు, లేదా రక్తంలోని ప్లాస్మా మారుస్తారు. మొదటి రెండు వారాల్లో చేస్తేనే ఎక్కువ గుణం.

అంచేత ఆముదం మర్దనతో రెండు రోజులు చూద్దామనుకోకండి. కింద కూర్చున్న మనిషి చెయ్యి ఆనించకుండా లేవగలడా? మడమల మీద నడవగలడా? గుక్క తిప్పుకోకుండా ఇరవై దాకా లెక్కపెట్టగలడా? మూత్రం సాఫీగా అవుతోందా? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తే ఆ పూటే నరాల డాక్టరున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. జ్వరం ఎన్నాళ్ల కిందట వచ్చిందో, విరేచనాలయ్యాయో, ఏ టీకా వేయించారో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, కంగారులో మనకి తేదీలు గుర్తుండవు.

తట్టు, రుబెల్లా టీకా తొమ్మిదో నెల నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య ఇంకొకటి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. ఇక గిలియన్ బారీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆరు నెలల్లో మళ్లీ సొంతంగా నడుస్తారు. ఊడిన పూతని కణాలు తిరిగి చుడతాయి, కాకపోతే నెలలు పడుతుంది. ఆ నెలలంతా ఫిజియోథెరపీ చేయించేది, పక్క దిగడానికి భుజం పట్టేది మనమే గనక, కాలి వేళ్లు కదిలించడం, చెంచా పట్టుకోవడం, గోడ పట్టుకుని నాలుగడుగులు వెయ్యడం — ఏ రోజు ఏది వచ్చిందో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటే డాక్టరుకీ పనికొస్తుంది, మంచం మీది మనిషికీ ధైర్యం వస్తుంది.