బండి ఘాటెక్కనంటోందా?

చంద్రగిరి నుంచి రంగంపేట మీదుగా పోయి భాకరాపేట ఘాట్ ఎక్కే దారి పాత డీజిల్ బండికి పెద్ద పరీక్ష. మదనపల్లె టమాటా ఈ దారినే దిగి తిరుపతి, చెన్నై వైపు పోతుంది. తిరిగి ఎక్కేటప్పుడు అవే బండ్లలో ఎరువుల మూటలు, సిమెంటు, కిరాణా సరుకు ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ ఊళ్లో తిరిగినన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఘాట్‌లో మొదటి పెద్ద మలుపు దగ్గర బ్రేకు కొట్టి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం రెండు మూడు సెకన్ల పాటు ఏమీ జరగదు. వెనక నల్లపొగ లేస్తుంది, బండి కదలనంటుంది. గేరు దించితే ఆర్‌పీఎం పెరిగి, టర్బో విజిల్ వినిపించి, అప్పుడు ఒక్కసారిగా దూకుతుంది. "పికప్ లేదన్నా, టర్బో మార్పించాల" అనే మాట సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

చాలా బండ్లకు టర్బో మార్చే అవసరమే రాదు. కొత్త బలం కొనే ముందు, కంపెనీ ఇచ్చిన బలం ఎటు పోయిందో వెతకడం మేలు. ఆ వెతుకులాటకు టర్బో ఎలా పనిచేస్తుందో కాస్త తెలిసుండాలి.

టర్బో అంటే ఒకే ఇరుసుకు అటొకటి ఇటొకటి బిగించిన రెండు చక్రాలు. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటే తిరిగే రెండో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి పంపుతుంది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే శక్తితో ఈ పని చేయించవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూహి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల్లో దాన్ని అమర్చినప్పుడు 1,750 హార్స్‌పవర్ ఇంజిన్లు 2,500 ఇచ్చాయి. ఓడ ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి అక్కడ ఆలస్యం అన్న సమస్యే లేదు. మలుపు మలుపుకూ బ్రేకు, గేరు, మళ్లీ యాక్సిలరేటర్ అనే మన ఘాట్ డ్రైవర్‌కే ఆ తిప్పలు.

కొంచెం లెక్క చూద్దాం. 2.5 లీటర్ల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. 1,200 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 1,500 లీటర్లు, 2,000 దగ్గర 2,500 లీటర్లు. లోపలికి పోయే గాలి తక్కువైతే బయటికొచ్చే పొగా తక్కువే. అంత కొద్ది పొగతో, పని మీదున్నప్పుడు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగాల్సిన ఆ చక్రం వేగం అందుకోలేదు. అందువల్ల ప్రతి టర్బోకూ ఒక కనీస ఆర్‌పీఎం ఉంటుంది. అంతకు కింద ఎంత తొక్కినా బూస్టు, అంటే నొక్కిన గాలి ఒత్తిడి, రాదు. అంతకు పైనున్నా కూడా, తొక్కిన క్షణానికీ చక్రం వేగం పుంజుకునే క్షణానికీ మధ్య కొంత సమయం పోతుంది. అసలైన టర్బో ల్యాగ్ ఈ రెండోదే. మొదటిదానికి గేరు దించడమే మందు. రెండోది మరీ ఎక్కువగా ఉంటే బండిలో ఎక్కడో లోపం ఉన్నట్టు. ఈ తేడా తెలియకే చాలామంది షెడ్డుకు డబ్బు పోస్తారు.

నల్లపొగ సంగతికొస్తే, కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. ఊదుగొట్టం పక్కన పెట్టి పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తే వంటిల్లంతా పొగచూరడం మనకు తెలిసిందే. బూస్టు రాకముందే ఇంజిన్‌లోకి డీజిల్ ఎక్కువగా పోతే జరిగేదీ అదే. కాబట్టి పికప్ లేక నల్లపొగ తోలే బండికి ముందు గాలి సంగతి చూడాలి. పికప్ లేదు, పొగా లేదంటే డీజిల్ అందడం లేదని అర్థం. అప్పుడు డీజిల్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టాలి. నీలంపొగ వస్తే ఆయిల్ మండుతోంది, అది రింగులదో టర్బో సీలుదో తేల్చాలి.

గాలి దారిని ఎయిర్ క్లీనర్ దగ్గర్నుంచి ఒక్కో అడుగూ చూసుకుంటూ రావాలి. మన ఎర్రదుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ముందే నిండుతుంది. దాన్ని నేలకేసి కొట్టి మళ్లీ పెట్టడం మన దగ్గర అలవాటు. కాగితం చిరిగితే ఆ దుమ్ము నేరుగా కంప్రెసర్ రెక్కల మీద పడుతుంది. ఫిల్టర్ తీసినప్పుడే టర్బో ఇరుసును వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి. పక్కలకు కొద్దిగా ఆడితే ఫరవాలేదు, అది ఆయిల్ పొర మీద తేలే ఇరుసు. ముందుకూ వెనక్కూ ఆట చేతికి తెలిసినా, రెక్క అంచు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా ఆ టర్బో పని అయిపోయినట్టే.

తరువాత హోస్ పైపులు. అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. టర్బో నుంచి, నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోస్‌ను పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. చెయ్యి కిందికి పోనిచ్చి మడత దగ్గర తడిమితే వేలికి జిడ్డు తగులుతుంది, ఆ జిడ్డు మీద ఎర్రమట్టి అట్టకట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచి, హోస్‌ను వంచితే బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలిక. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నంతసేపు అది మూసుకునే ఉంటుంది. లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే షెడ్డులో ఎంత రేజ్ చేసినా దొరకని లోపం ఘాట్‌లో బయటపడుతుంది. గట్టిగా తేల్చుకోవాలంటే ఇంజిన్ ఆపి, టర్బో గాలి పీల్చే మూతికి టైరు వాల్వు బిగించిన మూత పెట్టి, ఒక బార్ మించకుండా గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయాలి. ఎక్కడ బుడగలొస్తే అక్కడ మీ హార్స్‌పవర్ పోతున్నట్టు.

ఇంటర్‌కూలర్‌ను మన ఎండల్లో చిన్నచూపు చూడకూడదు. 40 డిగ్రీల గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే అది 130 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచన. దాన్ని 60 డిగ్రీలకు దించగలిగితే అదే సిలిండర్‌లో ఐదో వంతు ఎక్కువ గాలి పడుతుంది. రేకుల మధ్య పురుగులు, మట్టి, ఊక పేరుకుంటే ఆ లాభమంతా పోయినట్టే. మెల్లగా నీళ్లు కొట్టి కడిగితే చాలు. ప్రెషర్ వాటర్ దగ్గరగా కొడితే రేకులు వంగిపోతాయి.

పొగ దారిలో కూడా లీకులుంటాయి. ఇంజిన్‌కూ టర్బోకూ మధ్య మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర మసి చారలు కనిపిస్తే, చక్రాన్ని తిప్పాల్సిన పొగ ముందే జారుకుంటోందన్న మాట. సైలెన్సర్ లోపల మూసుకుపోయినా టర్బో నీరసపడుతుంది.

ఇక్కడి నుంచి బండి వయసును బట్టి దారులు వేరవుతాయి. దేశమంతటా బీఎస్-4 కాలుష్య నియమం వచ్చింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. వాటికి ముందు తరం లారీల్లో మెకానికల్ ఫ్యూయల్ పంపు ఎక్కువ. చాలా టర్బో బండ్లలో ఆ పంపు మీద డబ్బా లాంటి చిన్న భాగం, లోపల రబ్బరు డయాఫ్రమ్ ఉంటాయి. బూస్టు ఆ డయాఫ్రమ్‌ను నొక్కేకొద్దీ డీజిల్ పెంచడం ఆ డబ్బా పని. ఆ రబ్బరు చిరిగినా, దానికి గాలి తెచ్చే సన్నటి గొట్టం పగిలినా, టర్బో బ్రహ్మాండంగా తిరుగుతున్నా పంపుకు ఆ సంగతి తెలియదు. బండి పొగ లేకుండా, బలమూ లేకుండా ఈడ్చుకుంటూ పోతుంది. ఆ చిన్న గొట్టం చూడకుండా పంపు మొత్తం విప్పించుకున్నవాళ్లు ఉన్నారు.

కొత్త తరం కామన్ రైల్ బండ్లలో డీజిల్ కొలిచే ఈ పని కంప్యూటర్ చేస్తుంది, కాబట్టి స్కానర్ పెట్టి చూడాలి. అందులోనూ వేరియబుల్ టర్బో ఉన్న బండ్ల కథ ఆసక్తికరం. పొగ తగిలే చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయి. తక్కువ ఆర్‌పీఎంలో అవి దగ్గరై సందు ఇరుకు చేస్తాయి, పొగ వేగంగా కొట్టి చక్రాన్ని ముందే లేపుతుంది. మసి పట్టి రెక్కలు తెరుచుకున్న చోటే ఇరుక్కుంటే కింద ల్యాగ్, మూసుకున్న చోట ఇరుక్కుంటే పైన ఒత్తిడి మితిమీరి కంప్యూటర్ బండిని నెమ్మది చేస్తుంది. పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరిచే ఉండిపోయినా, ఎలుకలు వాక్యూమ్ పైపు కొరికినా లక్షణాలు దాదాపు ఇవే. ఊరి చివర చెట్టు కింద నిలిపే బండికి ఎలుకను ముందుగా అనుమానించాలి.

ఇక బలం పెంచే మాటకొస్తే, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ తయారవుతోంది. బీఎస్-4 రోజుల్లో అందులో 2,499 సీసీతోనే రెండు రకాలుండేవి. సరుకు మోసే ఎస్-క్యాబ్ 78 హార్స్‌పవర్, వేరియబుల్ టర్బో ఉన్న వీ-క్రాస్ 134. సీసీ ఒకటే అయినా తేడా అంత. ఇది చూపించి "దీన్ని అలా చేసేద్దాం" అనేవాళ్లుంటారు. నమ్మొద్దు. ఆ రెండింటి లోపల ఉన్నది ఒకే ఇంజిన్ కాదు.

మెకానికల్ పంపు స్క్రూ తిప్పడం, కామన్ రైల్‌కు రీమ్యాప్ చేయడం ఈ కోవలోవే. బలం నిజంగానే పెరుగుతుంది, ఖాళీ బండిలో చూస్తే మనసు పొంగుతుంది కూడా. లోడుతో పది నిమిషాలు ఏకబిగిన ఘాట్ ఎక్కినప్పుడు మాత్రం ఆ అదనపు డీజిల్ వేడి పిస్టన్లకు, హెడ్ గ్యాస్కెట్‌కు, టర్బోకు తగులుతుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పొగ వేడి ఆ దరిదాపులకు పోగలదు, దాటనూగలదు. పాత క్లచ్ ప్లేటూ తట్టుకోదు. ఆర్‌పీఎం లేచి, విజిల్ బాగా వినిపిస్తూ, స్పీడు మాత్రం పెరగకపోతే జారుతున్నది క్లచ్చే.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ పరీక్షలో బీఎస్-4 నుంచి హద్దు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందు డీజిల్ బండ్లకు 65. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అనే ఎఫ్‌సీ తప్పదు, పొగ తోలే బండి అక్కడ దొరికిపోతుంది. ఈజీఆర్ మూయించడం, బీఎస్-6 బండిలో పొగ ఫిల్టర్ పీకించడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. షెడ్డుల్లో ఇదంతా మామూలే అన్నట్టు మాట్లాడతారు, జరిమానా మాత్రం ఆర్సీలో పేరున్నవాడే కడతాడు.

పెద్ద టర్బో వేయిద్దామన్న సలహా ఇంకా చెడ్డది. చక్రం పెద్దదైతే లేవడానికి ఎక్కువ పొగ, ఎక్కువ సమయం కావాలి. పైన బలం వస్తుంది, మలుపు దగ్గర ఉన్నది కూడా పోతుంది. పాత యజమాని ఎత్తు కోసం పెద్ద టైర్లు వేసి ఉంటే అదీ ఇలాంటిదే. అదే స్పీడుకు ఇంజిన్ ఆర్‌పీఎం తగ్గిపోయి, టర్బో మేల్కొనే గీతకు కిందే ఉండిపోతుంది. కంపెనీ సైజు టైర్లు మళ్లీ వేసుకుంటే, టర్బోను ముట్టకుండానే సగం జబ్బు తగ్గొచ్చు. లోడు సంగతి డ్రైవర్లకు నేను చెప్పక్కర్లేదు. పాతిక కిలోల టమాటా ట్రేలు 60 అంటే టన్నున్నర, వంద అంటే రెండున్నర టన్నులు. ఆ అదనపు టన్నును ఏ టర్బో దాచలేదు.

కొనబోయే బండినైతే ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. స్టార్టు చేసి ఆయిల్ పోసే మూత తీసినప్పుడు ఆవిరి గుప్పుగుప్పున కొడుతుంటే రింగులు అరిగాయి, అక్కడ టర్బో గురించి మాట్లాడటమే దండగ. తరువాత అమ్మేవాడు ఎంత సణిగినా ఖాళీ బండితో సరిపెట్టుకోకుండా పది మూటలైనా వేయించి, భాకరాపేట ఘాట్ దాకా తోలండి. మలుపులోకి దిగకముందే గేరు దించి, 1,800 దగ్గర ఆర్‌పీఎం నిలిపి, బయటికొస్తూ తొక్కి చూడండి. అప్పుడు కూడా పట్టకపోతే బేరం తగ్గించండి. పైకెక్కాక ఇంజిన్ వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి, ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ కదలక నిలిచిపోతే అది మాడి ఇరుసుకు పట్టేస్తుంది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగుతూ బ్రేకులు ఎలా పడుతున్నాయో చూడండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడింది. బ్రేకులు సరిగా లేవనిపిస్తే టర్బోకు దాచిన డబ్బు ముందు వాటికి పెట్టండి.